కోరుట్ల గోలీల లెక్క

డాక్టర్లు రాసిచ్చే నొప్పి మందులు దేశంలో ఎంతమంది వాడుతున్నారు, ఆ వాడకం ఏటికేడు పెరుగుతోందా తగ్గుతోందా అని లెక్క తీసే సర్వేలో నేను కొన్నేళ్లు పనిచేశాను. తలనొప్పికి కిరాణా కొట్లో కొనుక్కునే బిళ్లల సంగతి కాదు. నల్లమందు జాతికి చెందిన గట్టి మందుల సంగతి. మాది జగిత్యాల. నా వంతుకి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఊళ్లు పడ్డాయి. తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదున్న రోజులవి. బస్సు నడిచిన రోజు కంటే బంద్ అయిన రోజులే ఎక్కువ. అందుకని నా పాత స్కూటీ మీదే ఊళ్లు తిరిగేదాన్ని.

ఆ సర్వేకి ప్రశ్నలు రాసిన మహానుభావుడెవరో నాకు ఇప్పటికీ తెలియదు. దొరికితే రెండు మాటలు అడగాలని మాత్రం ఉంది. మొదటి ప్రశ్నే ఇట్లా ఉండేది: “గడచిన సంవత్సర కాలంలో వైద్యుని సలహా మేరకు బాధా నివారణ ఔషధములు సేవించియున్నారా?” దీన్ని ఉన్నదున్నట్టు చదవాలి, ఒక్క అక్షరం మార్చకూడదు. కథలాపూర్‌లో ఒక ముసలమ్మకి చదివి వినిపించాను. ఆమె చేతిలో పని ఆపి నా మొహంలోకి చూసింది.

“బాధలకు సుత మందులచ్చినయా బిడ్డా? ఏ దుకాణంల దొర్కుతయి? నాకు సుత జర తెచ్చిపెట్టు” అంది.

సరే, సేవించడం మానేసి మామూలు మాటలో అడుగుదామని గంభీరావుపేటలో ఒక ఇంట్లో “నొప్పులకు మందు తాగుతరా?” అన్నాను. ఇంటాయన సిగ్గు లేకుండా, “పొద్దుమీకి ఓ క్వార్టర్” అన్నాడు. వాళ్లావిడ లోపల్నించి పరుగెత్తుకొచ్చి, “రాసుకో మేడం, పెద్ద పెద్ద అక్షరాలతోని రాసుకో, హైదరాబాద్ దాక తెల్వాలె” అంది. ఆ ఇంట్లో నవ్వీ నవ్వీ బయటికొచ్చి, పక్క వీధిలో అదే మాట అడిగితే ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆమె మరిది అంతకు ముందు ఏడు పత్తి చేనులో మందు తాగి పోయాడట. మా దగ్గర మందు తాగడమంటే సారా అయినా కావాలి, పురుగుల మందైనా కావాలి. నాకు తెలియని మాటా అది? ఆ పూట నేనింక ఏ ఇంటికీ వెళ్లలేదు.

సాయంత్రం హైదరాబాదు ఆఫీసులో ఉండే మా సారుకి ఫోన్ చేశాను. ఆయనది కృష్ణా జిల్లా. ఉద్యమం గురించి మేమిద్దరం ఫోన్లో కొట్లాడుకోని వారం లేదు. అయినా మనిషి బంగారం. నా జీతం ఆలస్యమైతే నాకంటే ముందు ఆయనే గోల పెట్టేవాడు.

“సారు, మందు మాట తీసెయ్యాలె. గోలి అని అడుగుత” అన్నాను.

“గోలీ అంటే పిల్లలాడుకునేది కదమ్మా?”

“మీ ఊళ్లె ఆడుకుంటరేమో సారు, మా ఊళ్లె మింగుతం.”

ఆయన పడీ పడీ నవ్వాడు. నవ్వాక, సరే కానివ్వమన్నాడు. అప్పట్నించీ మా పని దారిన పడింది. “నొప్పులకు డాక్టర్ రాసిచ్చిన గోలీలు మింగుతున్నరా?” అంటే అర్థం కాని మనిషి లేడు. మింగేవాళ్లు చీటీ తెచ్చి చూపించేవాళ్లు, మింగనివాళ్లు లేదనేవాళ్లు.

ఒక్క కోరుట్లలోనే లెక్క అడ్డం తిరిగింది. అక్కడ ఒక వాడ ఉంది, సగం ఇళ్లలో మగవాళ్లు గల్ఫ్‌లో ఉంటారు, ఆడవాళ్లు బీడీలు చేస్తారు. అంతకు ముందు విడత కంటే ఆ వాడ ఆడవాళ్ల పేరు మీద గట్టి గోలీల చీటీలు బాగా పెరిగాయి. చీటీలున్నాయి, మందుల షాపులో కొన్నారు. అడిగితే మాత్రం అందరిదీ ఒకటే జవాబు: “నేను మింగలె.” సారు ఫోన్ చేశాడు. ఇట్లా ఇంకో రెండు మూడు జిల్లాల్లో ఉంటే, దేశంలో ఆడవాళ్లు ఈ మందులకి అలవాటు పడుతున్నారని రాస్తారని చెప్పాడు. “ఒకసారి వెళ్లి చూడమ్మా, నువ్వు తప్పు రాశావో, వాళ్లు అబద్ధం చెబుతున్నారో” అన్నాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. నేను తప్పు రాయడమేంటి? మా కోరుట్ల ఆడవాళ్లు అబద్ధాలాడడమేంటి? మర్నాడు రోడ్ల దిగ్బంధం అని తెలిసి కూడా పొద్దున్నే స్కూటీ తీశాను.

ఆ వాడలో నాకు బాగా చనువైన ఇల్లొకటుంది. ఆ ఇంటామెకి నాకంటే కొంచెం చిన్న వయసు. నన్ను మొదట్లో మేడం అనేది, తర్వాత అక్కా అంది. నేను చెల్లె అనేదాన్ని. వాళ్లాయన తాళ్లెక్కి కల్లు గీసేవాడు. తర్వాత దుబాయిలో బిల్డింగుల పనికి పోయాడు. నేను వెళ్లేసరికి ఆమె ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడుతోంది. చూపు నా మీదున్నా వేళ్లు ఆగవు. ఆ విద్య నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

చాయ్ అయ్యాక నేను సూటిగా అడిగాను. “చెల్లె, చీటీ నీ పేరు మీదనే ఉన్నది. గోలీలు నువ్వే కొన్నవు. మింగలె అంటవు. ఇంట్ల చూస్తె లేవు. మరి ఏడికి పోయినయి? ఎల్కలు తిన్నయా?”

ఆమె నవ్వింది, తల దించుకుంది. “చెప్తె రాసుకుంటవా?”

“రాయను, చెప్పు.”

“గాయినకు పంపిన.”

వాళ్లాయనకి నడుము నొప్పి. అక్కడ డాక్టర్ దగ్గరికి పోతే ఆ రోజు కూలీ పోతుంది, భాష రాదు, కంపెనీ వాళ్లు పని చేతకాదని ఇంటికి పంపిస్తారేమోనని భయం. అందుకని శుక్రవారం శుక్రవారం ఫోన్లో నొప్పి ఎక్కడ మొదలైంది, ఏ కాల్లోకి దిగింది, ఎప్పుడు ఎక్కువవుతుంది అన్నీ పెళ్లానికి చెబుతాడు. ఆమె కోరుట్ల దవాఖానకి వెళ్లి, ఆ మాటలన్నీ తన నడుము మీద చెయ్యి పెట్టుకుని డాక్టర్‌కి అప్పజెబుతుంది. డాక్టర్ గోలీలు రాస్తాడు. దుబాయి పోయేవాళ్ల సామాన్లో అవి వాళ్లాయనకి చేరతాయి. ఆ వాడలో ఒకరిని చూసి ఒకరు ఇదే పద్ధతి పట్టుకున్నారు.

“ఒకసారి దొరికిపోయిన అక్కా” అంది పకపకా నవ్వుతూ. “మూడంతస్తులు సిమెంట్ బస్త మోస్తె నొస్తంది సారు అన్న. గాయిన చెప్పిందే నోట్లె నుంచి అచ్చింది. డాక్టర్ సాబ్ నన్ను కిందికీ మీదికీ చూసి, నీకు కోరుట్లల మూడంతస్తులు ఏడియమ్మా అన్నడు. ఇగ నాకు చెమటలు. సిమెంట్ కాదు సారు, బియ్యం బస్తలు అన్న.”

నేను కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాను. సారు అడిగినదానికి జవాబు దొరికింది. దుబాయిలో ఉన్న నడుములు కోరుట్లలో లెక్కకెక్కుతున్నాయి. ఢిల్లీలో ఎవరో ఆడవాళ్లకి అలవాటు ముదిరిందని రాసుకుంటారు. దీన్ని ఏ గడిలో రాయాలో నాకు తోచలేదు గానీ, ఆ దొంగ వైద్యం మీద నాకు ప్రేమే పుట్టింది. ఎంత ముద్దుగా మోసం చేస్తున్నారు అనుకున్నాను.

అప్పుడు చీటీ మీద మందు పేరు ఇంకోసారి చూశాను. ట్రమడాల్. నా నవ్వు ఆగిపోయింది. మా ట్రైనింగులో ఆ పేరు గురించి గట్టిగా చెప్పారు. ఇక్కడ చీటీ మీద దొరికే ఆ మందు, ఆ దేశాల్లో అనుమతి కాగితం లేకుండా సంచీలో దొరికితే మత్తు పదార్థం కిందే లెక్క. జైలే.

“ఈసారివి ఎవరితోని పంపినవు?”

“పక్కింటి మరిది. పొద్దుగాలనే జీపుల పోయిండు. రాత్రికి విమానం. సకినాల డబ్బల అడుగుకు పెట్టిన.”

“డబ్బల గోలీలున్నయని గా పిలగానికి తెలుసా?”

“తెల్వది. చెప్తె బుగులు పడ్తడని చెప్పలె. విమానం కాడ కనవడితె పారేస్తరట అక్కా, గందుకే దాచిన.”

“పారేసుడు కాదే పిచ్చిదానా! జేల్ల ఏస్తరు. నీ మొగన్ని కాదు, మొదలు గా పిలగాన్ని ఏస్తరు!”

ఆమె చేతిలో సగం చుట్టిన బీడీ అట్లాగే ఉండిపోయింది. వేళ్లు ఆగడం అప్పుడే చూశాను. ఎప్పట్నించో పంపుతున్నామని, ఎవరికీ ఏమీ కాలేదని ఏదో అనబోయి ఆపేసింది. “ఫోన్ చెయ్యి అక్కా, ఫోన్ చెయ్యి” అంది. నంబర్ చెబితే నొక్కాను. పక్కింట్లోనే మోగింది. దుబాయి పోయేవాళ్లు ఇక్కడి ఫోను పెళ్లానికి ఇచ్చిపోతారు కదా, అతనూ ఇచ్చిపోయాడు. బాలింతగా ఉన్న అతని పెళ్లాం లోపల్నించి హలో అంటే, తప్పు నంబర్ అని పెట్టేశాను. పచ్చి బాలింతకి ఏమని చెప్పేది? జీపు డ్రైవర్ ఎవరో ఆ వాడలో ఎవరికీ తెలియదు. కథలాపూర్, వేములవాడ, సిరిసిల్ల మీదుగా హైదరాబాదు పోతారని మాత్రం తెలుసు.

“ఎక్కు” అన్నాను. ఆమె చెప్పులు కూడా వేసుకోలేదు.

ఆ రోజు ప్రతి ఊరి ముందూ రోడ్డుకి అడ్డంగా మొద్దులో, రాళ్లో, ఎడ్ల బండో. రెండు చక్రాల వాళ్లని వదులుతున్నారు, కాకపోతే ఊరికే వదలరు. జై తెలంగాణ అనాలి. ఆ మాట అనడానికి నాకేం అభ్యంతరం లేదు, ఇష్టంగానే అంటాను, కానీ ఆ రోజు గొంతు చిరిగిపోయేట్టు అరిచాను. వెనక కూర్చున్నామె నాకంటే గట్టిగా అరిచింది. అరిచి, మళ్లీ నా వీపుకి మొహం ఆనించి, “దేవుడా, జీపును వదలకుంట చూడు, వదలకుంట చూడు” అని గొణిగేది. కథలాపూర్‌లో తెల్ల జీపు ఒకటి బతిమిలాడుకుని పోయిందన్నారు. వేములవాడలోనూ పోయిందన్నారు. దిగ్బంధాన్ని తిట్టుకుంటూ బయల్దేరినదాన్ని, దిగ్బంధం సరిగా చేయడం లేదని తిట్టుకునే దాకా వచ్చాను.

సిరిసిల్లలో మాత్రం గట్టిగానే చేస్తున్నారు. సాంచెలు ఆపేసి నేతన్నలంతా రోడ్డు మీదికొచ్చారు. ఎప్పుడూ ఆ మరమగ్గాల మోతతో చెవులు చిల్లులు పడే ఊరు, ఆ రోజు మనుషుల మాటలు వినపడుతున్నాయి. నడిరోడ్డు మీద వంటావార్పు. పెద్ద గంజుల్లో అన్నం, పప్పుచారు. అటూ ఇటూ లారీలు, కార్లు. ఆ వరసలో తెల్ల జీపు. ఆ పిలగాడు హాయిగా బంతిలో కూర్చుని పప్పుచారు జుర్రుతున్నాడు.

“వదినా! నువ్వేంది గీడ?” అని లేచి నిలబడ్డాడు.

చుట్టూ జనం. అందుకని వదిన, “సకినాల డబ్బ ఇయ్యి” అని మాత్రం అంది.

“ఎందుకు?”

“ఉప్పు తక్కువైంది.”

అతను ఆమె కాళ్ల వంక చూశాడు. చెప్పుల్లేవు. “గిందుకు కోరుట్ల నుంచి అచ్చినవా?” అన్నాడు. పక్కన తింటున్నవాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు. అతన్ని జీపు వెనక్కి తీసుకెళ్లి చెవిలో చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. అతను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. జీపు చక్రానికి ఆనుకుని అట్లాగే కిందికి జారి కూర్చున్నాడు.

“నా బిడ్డకు ఇంక పేరు సుత పెట్టలె వదినా” అన్నాడు.

ఆమె రెండు చేతుల్తో చెంపలు వాయించుకుంది. “నాకు తెల్వది మరిదీ, నీ బిడ్డ మీద ఒట్టు, నాకు తెల్వది” అని ఏడ్చింది. ఎంత ఏడ్చిందంటే చివరికి అతనే లేచి ఆమె చేతులు పట్టుకోవలసి వచ్చింది. “అయ్యేది కాలె గదా, ఊకో” అన్నాడు. నాకు కూడా ఏడుపొచ్చింది. నేను పని మీద వచ్చినదాన్ని కదా అని ఆపుకోలేదు, ఏడ్చాను.

డబ్బా మూతకి చుట్టిన టేపు పళ్లతో పీకింది. సకినాలన్నీ పేపర్ మీద గుమ్మరించాం. అడుగున బట్టలో చుట్టి గోలీల అట్టలు. అవి తీసి జాకెట్లో పెట్టుకుని, మళ్లీ సామానంతా విప్పి, తొక్కు సీసా కూడా ఎత్తి చూసి, అతని చొక్కా జేబులు కూడా తడిమింది. ఈలోగా సకినాల వాసనకి నలుగురు నేతన్నలు వచ్చారు. “అక్కా, ఉద్యమానికి తెచ్చినవా?” అన్నాడొకాయన. తినండి అంది. చూస్తుండగానే పేపర్ ఖాళీ. ఉప్పు సరిగ్గానే ఉందని కూడా చెప్పారు.

రాత్రికి విమానం ఉందని తెలిసి వాళ్లే లారీలు జరిపి జీపుకి దారి ఇచ్చారు. పోతూ పోతూ ఆ పిలగాడు కిటికీలోంచి, “అన్నకు ఏం చెప్పాలె వదినా?” అని అడిగాడు.

“నేనే చెప్త” అంది.

నా ఫోన్ నుంచి దుబాయికి మిస్డ్ కాల్ ఇచ్చింది. కాసేపటికి అతను తిరిగి చేశాడు. ఆమె ఏడవకుండా, దాచకుండా మొత్తం చెప్పింది. గోలీలు ఇక రావని చెప్పింది. తర్వాత అతను అడిగింది నాకూ వినపడింది: “పిలగాడు మంచిగున్నడా?” ఉన్నాడంది. “అయితె అయింది తియ్యి. నాకు ఇప్పుడు అంత నొస్తలేదు” అన్నాడు. “అవద్ధాలాడకు. గీ శుక్రారం సుత చెప్పాలె నాకు. గోలీలు లేకున్న చెప్పాలె” అంది. అతను సరేనన్నాడు.

ఫోన్ పెట్టేశాక ఇద్దరం గంజుల పక్కన కూర్చున్నాం. ఎవరో విస్తరాకులు వేసి అన్నం పెట్టారు. గండం గడిచిందన్న సంతోషంలో నాకు మళ్లీ వేళాకోళం పుట్టింది.

“అయినా ఏం నటిస్తవే నువ్వు! అన్నన్ని సార్లు డాక్టర్ను నమ్మించినవంటె మాటలా? ఆయన నడుము ఒత్తి చూడడా ఏంది?”

“చూస్తడు.”

“మరి? ఒత్తంగనే అబ్బా అనాలె గదా, ఎట్ల అనేదానివి?”

ఆమె ముద్ద కలుపుతూ ఆగింది. నేను అడిగిందేమిటో అర్థం కానట్టు చూసింది.

“నటించుడేంది అక్కా? చిన్నప్పటి సంది బీడీలు చేస్తున్న. నడుము నొయ్యదా?”

అన్ని చీటీలు చూశాను, అన్ని ప్రశ్నలు అడిగాను, నీకు నొస్తుందా అని ఒక్కసారి అడగలేదు. ఆ ప్రశ్న సర్వేలోనే లేదు. “మరి ఒక్కటన్న మింగొచ్చు గదే” అన్నాను. గట్టిగానే అన్నాను, కోపంగా.

“లెక్క ప్రకారం రాస్తరు గదా. నేను మింగితె గాయినకు తక్కువైతయి.”

“ఇగ పంపేది లేదు గదా. నీ పేరు మీద రాసినయే, నీ నొప్పికే రాసిండ్రు. మింగు.”

అన్నం తినడం అయ్యాక, అటు ఇటు చూసి, జాకెట్లోంచి అట్ట తీసింది. ఒక గోలి వొత్తి అరచేతిలో వేసుకుంది. దొంగతనం చేస్తున్నట్టు గటుక్కున మింగి, గ్లాసు నీళ్లు మొత్తం తాగేసింది. నేను చూస్తున్నానని గుర్తొచ్చి నా మోచెయ్యి పట్టుకుంది.

“గిది రాసుకోకు అక్కా. గాయినకు తెల్వద్దు. నాకు సుత నొస్తదని తెలిస్తె, నొస్తందని నాకు చెప్పుడు బంద్ చేస్తడు.”